సముద్రం అడుగున పైపు, ఎనిమిదో తరగతి ఆల్‌జీబ్రా



ఈ నెల పాఠాన్ని మేం ఎంచుకోలేదు, ఒక విద్యార్థి ఎంచుకున్నాడు. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "సార్, సముద్రంలో గ్యాస్ పైపులు వేస్తారు కదా, అవి ఇనుపవే కదా, మరి మునిగిపోతాయిగా. ఇంక వాటికి ఇబ్బందేముంటుంది?" క్లాసంతా అవునంది. నిజం చెప్పాలంటే స్టాఫ్ రూంలో అడిగినా సగం మంది అదే అన్నారు.

ఆ ప్రశ్న మనకు దూరపుదేమీ కాదు. కాకినాడ నుంచి కోనసీమ దాకా తీరానికి ఎదురుగా, కృష్ణా–గోదావరి బేసిన్‌లో, సముద్రం అడుగున గ్యాస్ పైపులు ఉన్నాయి. కేజీ-డీ6 గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరుతుంది. ఓఎన్‌జీసీ వారి టెర్మినల్ ఓడలరేవు దగ్గర ఉంది. రవ్వ క్షేత్రం నుంచి వచ్చేది ఎస్.యానాం దగ్గరకు వస్తుంది. ఆంధ్ర తీరాన్ని 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమ తుఫాను, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తాకాయి. అంత తుఫానులో ఆ పైపు అక్కడే ఎలా ఉంటుంది? ఉంటుందో లేదో ముందే ఎలా చెబుతారు? ఈ పాఠం అంతా ఆ "ముందే చెప్పడం" గురించి. మీ పాప, బాబు ఏడో తరగతి దాటి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం, పెన్సిల్ పెట్టుకుని చదవండి. కాలిక్యులేటర్ ఇవ్వండి, పర్వాలేదు.

ముందు మునగడం సంగతి తేల్చేద్దాం. 20 అంగుళాల పైపు తీసుకోండి. అంటే బయటి వ్యాసం 508 మిల్లీమీటర్లు. గోడ మందం అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. ఒక మీటరు పొడవు ఉక్కు పైపు బరువు సుమారు 155 కేజీలు. నలుగురు పట్టినా లేవడం కష్టం. ఆ ఒక్క మీటరు ముక్క పక్కకు నెట్టే సముద్రపు నీరు ఎంత? వ్యాసార్ధం వర్గాన్ని పైతో గుణించి, సముద్రపు నీటి సాంద్రత 1025తో గుణిస్తే 208 కేజీలు వస్తుంది. లోపల గ్యాస్ మాత్రమే ఉంటే, దాని బరువు స్వల్పమే కాబట్టి పక్కన పెడితే, ఈ పైపు తేలుతుంది. ఉక్కు పైపు, 155 కేజీల పైపు, బెండులా తేలుతుంది.

అందుకే దానికి కాంక్రీటు తొడుగు వేస్తారు. మామూలు కాంక్రీటు కాదు, ఇనుప ఖనిజం కలిపిన బరువైన కాంక్రీటు. ఘనపు మీటరుకు 3040 కేజీలు అనుకుందాం. 46 మిల్లీమీటర్ల మందాన తొడిగితే బయటి వ్యాసం సరిగ్గా 600 మిల్లీమీటర్లు అవుతుంది. మీటరుకు 243 కేజీల కాంక్రీటు చేరింది. మొత్తం 398 కేజీలు. ఇప్పుడది నెట్టే నీరు 290 కేజీలు. మిగిలేది 108. నీటి అడుగున ఈ పైపు మీటరుకు 108 కేజీల బరువుతో నేలమీద కూర్చుంటుంది. మన లెక్కకు ఇదే పెట్టుబడి. దీన్ని గుర్తుంచుకోండి.

(బలాన్ని న్యూటన్లలో చెప్పాలి, నాకు తెలుసు. ఇంట్లో అమ్మమ్మకు కూడా అర్థం కావాలని కేజీల్లో చెబుతున్నాను. పదో తరగతి పిల్లలు 9.8తో గుణించుకోండి.)

ఇక అల సంగతి. పైన అల ముందుకు పోతున్నట్టు కనిపిస్తుంది గాని నీరు ముందుకు పోదు. ఒక్కో నీటి చుక్క గుండ్రంగా తిరిగి దాదాపు బయల్దేరిన చోటికే వస్తుంది. లోతుకు పోయే కొద్దీ ఆ వలయాలు చిన్నవవుతాయి. తరంగదైర్ఘ్యంలో సగం లోతుకు వెళ్ళేసరికి పై కదలికలో 4 శాతమే మిగులుతుంది. 10 సెకన్లకొక అల వచ్చే సముద్రంలో, లోతైన చోట తరంగదైర్ఘ్యం 156 మీటర్లు. అంటే 78 మీటర్ల కిందికి పోతే పైన గగ్గోలు పుట్టినా కింద దాదాపు ప్రశాంతమే. ఇక్కడే చాలామంది పొరబడతారు. కిలోమీటరు లోతున ఉన్న పైపుకు అలలతో పేచీ లేదు. దాని కష్టాలు వేరు. అలల కష్టమంతా ఒడ్డుకు దగ్గరైన చివరి ముక్కది.

అలా 20 మీటర్ల లోతులో మన పైపు ఉందనుకుందాం. 4 మీటర్ల ఎత్తు అల, 10 సెకన్ల ఆవర్తన కాలం. అక్కడ నేలను తగిలి ఆ గుండ్రాలు నలిగిపోతాయి, నీరు అటూ ఇటూ మాత్రమే ఊగుతుంది. ఐదు సెకన్లు ఒడ్డు వైపు, ఐదు సెకన్లు సముద్రం వైపు. దాని గరిష్ఠ వేగం లెక్కగడితే సెకనుకు సుమారు 1 మీటరు. ఆ లెక్కకు ఇంటర్ దాటిన గణితం కావాలి, కాబట్టి జవాబు మాత్రం ఇచ్చాను. మిగతాదంతా మీరే చేయగలరు.

ఈ ఊగే నీరు పైపును ఎంత బలంతో తోస్తుంది? 1950లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మోరిసన్, ఆయన సహచరులు ముగ్గురు కలిసి దీనికి ఒక సూత్రం రాశారు. వాళ్ళు చూసింది పైపులను కాదు, నీటిలో నిలబెట్టిన స్తంభాలను. ఆ సూత్రం నేటికీ ఆఫ్‌షోర్ ఇంజినీర్లకు ఎక్కం లాంటిది. అందులో రెండు ముక్కలున్నాయి.

మొదటిది డ్రాగ్. స్కూటర్ మీద పోతుంటే ముఖానికి తగిలే గాలి లాంటిది. ఇది వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. రెండోది ఇనర్షియా, జడత్వం వల్ల వచ్చేది. ఇది వేగాన్ని కాదు, వేగం మారే తీరును, అంటే త్వరణాన్ని పట్టుకుంటుంది. నీరు ఒక వైపు ఆగి మరో వైపు మళ్ళే క్షణంలో వేగం సున్నా. కాని త్వరణం అప్పుడే ఎక్కువ. అందుకే నీరు ఆగిన క్షణంలోనూ పైపు మీద తోపు ఉంటుంది. మన పైపుకు లెక్క కడితే డ్రాగ్ మీటరుకు గరిష్ఠంగా 31 కేజీలు, ఇనర్షియా 62 కేజీలు. రెండూ ఒకే క్షణంలో గరిష్ఠానికి చేరవు కాబట్టి 93 అని కూడకూడదు.

దీన్ని ఇంట్లో చూడొచ్చు. బకెట్టులో నీళ్ళు నింపి, పెద్ద గరిటె లోపల పెట్టి, పిల్లల చేత ఒకే వేగంతో నెమ్మదిగా జరిపించండి. తర్వాత రెట్టింపు వేగంతో. తర్వాత గబగబా అటూ ఇటూ ఊపమనండి. దిశ మారే చోట మణికట్టుకు ఒక కుదుపు తగులుతుంది. "ఎక్కడ ఎక్కువ బరువుగా ఉంది?" అని అడగండి, జవాబు మీరు చెప్పకండి. బకెట్టు బాత్రూంలోనే పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

నేలమీద పడుకున్న పైపుకు మూడో బలం కూడా ఉంది. నీరు పైపు కింద నుంచి పోలేదు, పైనుంచి ఎక్కి దిగాలి. అలా ఎక్కేటప్పుడు వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. విమానం రెక్కకు జరిగినట్టే పైపు పైకి లేవాలని చూస్తుంది. ఇది లిఫ్ట్. పైపును ఇది ఎత్తి పారేయనక్కర్లేదు, కాస్త తేలిక చేస్తే చాలు. ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠం గుర్తుందా? ఘర్షణ నేలను నొక్కే బరువును బట్టి ఉంటుంది. ఇసుక నేల మీద కాంక్రీటు తొడుగుకు ఘర్షణ గుణకం 0.6గా తీసుకుంటారు. బరువు తగ్గితే పట్టు తగ్గుతుంది. లిఫ్ట్ చేసే అసలు నష్టం అదే.

ఇప్పుడు మన కథలోకి ప్రవాహం వస్తుంది. బంగాళాఖాతంలో ఆంధ్ర తీరం వెంట ఒక ప్రవాహం ఉంది. ఏడాదికి రెండు దిక్కులు మార్చుకుంటుంది. వర్షాకాలానికి ముందు ఉత్తరానికి, వర్షాకాలం పోయాక దక్షిణానికి. తుఫాన్లు వచ్చే అక్టోబరు–డిసెంబరు నెలల్లో దక్షిణానికి. తుఫాను గాలి దానికి తోడైతే అడుగున కూడా నీరు పారుతుంది. లెక్క కోసం అది పైపుకు అడ్డంగా సెకనుకు అర మీటరు అనుకుందాం. నెమ్మదిగా నడిచే మనిషి వేగంలో సగం కన్నా తక్కువ. అల వేగం 1, ప్రవాహం 0.5.

ఇక్కడ పిల్లవాడికి పెన్సిల్ ఇచ్చి, మీరు పక్కకు జరగండి.

చాలామంది పిల్లలు ఇలా చేస్తారు. అల వల్ల డ్రాగ్ 31 కేజీలు. ప్రవాహం వేగం సగం కాబట్టి దాని డ్రాగ్ నాలుగో వంతు, సుమారు 8 కేజీలు. మొత్తం 39. లిఫ్టు కూడా ఇలాగే కడితే, డ్రాగ్‌లో 0.9 వంతు, 35 కేజీలు. పైపు బరువు 108 నుంచి 35 తీసేస్తే 73. ఘర్షణ 0.6తో గుణిస్తే 44 కేజీల పట్టు. తోపు 39, పట్టు 44. పైపు నిలబడింది. కింద రెండు గీతలు కొట్టేసి, జవాబు సరిపోయిందని టిఫిన్‌కు వెళ్ళిపోతారు.

పైపు నిలబడదు.

నీటికి "ఇది అల వేగం, ఇది ప్రవాహ వేగం" అని రెండు ఖాతాలు లేవు. పైపుకు తగిలే నీరు ఒక్కటే, దాని వేగం సెకనుకు 1.5 మీటర్లు. వర్గం చేయాల్సింది దాన్ని. 1.5 వర్గం 2.25. కాని పైన మనం చేసింది 1 వర్గం ప్లస్ 0.5 వర్గం, 1.25. సరైన డ్రాగ్ 39 కాదు, 70 కేజీలు. సరైన లిఫ్టు 63. ఇప్పుడు పైపు నేలను నొక్కేది 45 కేజీలే. పట్టు 27. తోపు 70, పట్టు 27. ఇందులో ఇనర్షియాను ఇంకా కలపనే లేదు. ఆ క్షణానికి పైపు జరుగుతుంది.

రెండు జవాబుల మధ్య తేడా ఏమిటో చూడండి. ఎ ప్లస్ బి మొత్తానికి వర్గం అంటే, ఎ వర్గం ప్లస్ బి వర్గం మాత్రమే కాదు, మధ్యలో రెండు ఎబి ఉంటుంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్నదే. ఆ రెండు ఎబి మర్చిపోతే పరీక్షలో ఒక మార్కు పోతుంది. ఇక్కడ మర్చిపోతే జరగబోయే పైపు జరగదని తేలుతుంది. ఏటా మా పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా ఎర్ర సిరా పోసేది ఈ తప్పు మీదే. "అజాగ్రత్త" అని రాసి ఊరుకుంటాం. పిల్లవాడికి ఆ మధ్య పదం ఎందుకుందో తెలియకపోతే దాన్ని అజాగ్రత్త అనడం మా తప్పేనని నాకిప్పుడు అనిపిస్తోంది.

జరిగితే ఏమవుతుందంటారా? 20 మీటర్లలో ఒక చోట కాస్త జరిగితే ఏమీ కాకపోవచ్చు. కాని పైపు కిలోమీటర్ల పొడవు, చివర బిగించి ఉంటుంది. వంగిన చోట ఉక్కు అలసిపోతుంది, అతుకుల దగ్గర ఒత్తిడి పేరుకుంటుంది. పక్క పైపుకు తగలొచ్చు. 2005లో కత్రినా, రీటా తుఫాన్లు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 113 ప్లాట్‌ఫాంలను నేలకూల్చాయి, 457 పైపులైన్లను దెబ్బతీశాయి. అది అమెరికా ప్రభుత్వ సంస్థ లెక్క. వాటన్నిటికీ అలలొక్కటే కారణం కాదు. కూలిన ప్లాట్‌ఫాంలు, ఈడ్చుకుపోయిన లంగర్లు కూడా ఉన్నాయి.

మరి ఇంజినీర్లు ఏ అలకు లెక్క వేస్తారు? సాధారణంగా నూరేళ్ళకొకసారి వచ్చేంత అలకు, దాంతో పాటు పదేళ్ళకొకసారి వచ్చేంత ప్రవాహానికి. లేదా ప్రవాహం నూరేళ్ళది, అల పదేళ్ళది. రెండిటిలో ఏది ఎక్కువ హాని చేస్తే అది. "నూరేళ్ళకొకసారి" అన్న మాట పెద్దవాళ్ళను కూడా మోసం చేస్తుంది. ఒకసారి వచ్చింది కదా, ఇంకో 99 ఏళ్ళు రాదనుకుంటారు. దానర్థం ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. పైపు 30 ఏళ్ళు పనిచేస్తే, ఆ కాలంలో కనీసం ఒకసారి అలాంటి అల వచ్చే అవకాశం ఎంత? 0.99ను 30 సార్లు గుణించి 1 నుంచి తీసేయమనండి. 26 శాతం వస్తుంది. పదో తరగతి సంభావ్యత పాఠం ఇంతకన్నా బాగా ఎక్కడా పనికిరాదు.

అలల కొలతలు ఎక్కడివని పిల్లలు అడిగితే, మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ ఉందని చెప్పండి. సముద్రం లేని ఊరిలో కూర్చుని, తీరం పొడవునా అల ఎత్తు, ప్రవాహం ఎలా ఉండబోతోందో జాలర్లకు, ఓడలకు ముందుగా చెప్పే సంస్థ అది.

ఇంతవరకూ లెక్క తేలిగ్గా సాగింది. అయితే మోరిసన్ సూత్రం నేలమీది పైపు విషయంలో ఒక చోట తడబడుతుంది. అది దాచిపెడితే పాఠం అబద్ధమవుతుంది. స్థిరంగా పారే ఏటిలో రాయి వెనక సుడులు పడి కిందికి కొట్టుకుపోతాయి. రాయి వాటిని మళ్ళీ చూడదు. అలలో అలా కాదు. నీరు ఒడ్డు వైపు పోయినప్పుడు పైపు వెనక సుడులు పడతాయి, ఐదు సెకన్లకు నీరు వెనక్కి మళ్ళుతుంది, ఆ కలతబడిన నీరే మళ్ళీ పైపు మీదకొస్తుంది. అంటే పైపుకు తగిలే వేగం, మనం లెక్కగట్టిన అల వేగం కాదు. తన వల్ల చెదిరిన నీటినే తాను ఎదుర్కొంటుంది. బకెట్టులో గరిటెను రెండోసారి వెనక్కి తెచ్చేటప్పుడు ఈ తేడా కూడా తగులుతుంది, చేయి పెట్టి చూడండి.

ప్రయోగశాలల్లో కొలిచిన బలాలకు, సూత్రం చెప్పిన బలాలకు పొంతన కుదరకపోవడానికి ఇదొక పెద్ద కారణం. 1987లో లాంబ్రాకోస్, ఆయన సహచరులు ఈ వెనకటి నీటి వేగాన్ని కూడా లెక్కలో చేర్చే పద్ధతి ప్రచురించారు. తర్వాత 1988లో నార్వే సంస్థ డీఎన్‌వీ, అడుగున పైపు నిలకడ గురించి ప్రత్యేక మార్గదర్శకం తెచ్చింది. 2007లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. మన పిల్లల ప్రశ్నపత్రంలో "డ్రాగ్ గుణకం 1 అనుకొనుము" అని ఇచ్చేస్తారు. నేనూ పైన అదే చేశాను. ఆ "అనుకొనుము" వెనక ముప్పై నలభై ఏళ్ళ కొలతలున్నాయి.

నిలవని పైపును ఏం చేస్తారు? కందకం తవ్వి పూడుస్తారు, పైన రాళ్ళు పోస్తారు, కాంక్రీటు దుప్పట్లు పరుస్తారు. ఒక్కోసారి సముద్రమే ఆ పని చేసి పెడుతుంది. బీచ్‌లో అలలో నిలబడితే మడమల కింద ఇసుక జారిపోయి పాదాలు కూరుకుపోతాయి కదా, పైపు కూడా అలాగే తనంతట తాను ఇసుకలోకి దిగుతుంది. కూరుకున్న మేరకు నీటికి దొరకదు. అదే ఇసుక ఒక చోట మాత్రం పూర్తిగా కొట్టుకుపోతే పైపు వంతెనలా గాలిలో, అదే నీటిలో, వేలాడుతుంది. అప్పుడు సుడులు దాన్ని వీణ తీగలా కంపింపజేస్తాయి. అది వేరే పాఠం.

పళ్ళెంలో చేసి చూపించండి. అంచున్న వెడల్పు పళ్ళెంలో వేలెడు మందం ఇసుక, దానిపైన రెండు వేళ్ళ నీరు. కూల్‌డ్రింక్ స్ట్రాలో తడి ఇసుక కూరి, రెండు కొసలూ టేపుతో మూసి, ఇసుక మీద పడుకోబెట్టండి. పళ్ళెం ఒక వైపు ఎత్తి దించుతూ నీటిని ఊపండి. స్ట్రా దొర్లుతుంది. ఇప్పుడు దాన్ని సగం ఇసుకలో పాతి, అదే ఊపు ఊపండి. ఎన్నిసార్లు ఊపితే బయటపడిందో పిల్లలు రాసుకోవాలి. ఖాళీ స్ట్రాతో కూడా ఒకసారి చేయండి, వెనక బెంచీ ప్రశ్నకు అదే జవాబు.

చివరగా ఈ నెల లెక్క. మన పైపుకు కాంక్రీటు తొడుగు మందం 46 నుంచి 80 మిల్లీమీటర్లకు పెంచారు. బయటి వ్యాసం 668 మిల్లీమీటర్లు అయింది. నీరు అదే, వేగం 1.5 మీటర్లు. డ్రాగ్, లిఫ్టు రెండూ వ్యాసం పెరిగిన మేరకు పెరుగుతాయి, అంటే లావైన పైపును నీరు ఇంకా గట్టిగా తోస్తుంది. మరి ఈ తొడుగు మేలు చేసిందా, కీడు చేసిందా? నీటిలో బరువు, లిఫ్టు, పట్టు, తోపు, నాలుగూ విడివిడిగా కట్టి, ఇనర్షియాను పక్కన పెట్టి జవాబు రాయండి. తొమ్మిదో తరగతి, ఆ పైవాళ్ళు లెక్క మెట్లతో సహా సైన్స్ టీచరుకు ఇవ్వాలి. చిన్న తరగతుల పిల్లలు స్ట్రా ప్రయోగం ఫలితాలు రాసిస్తే చాలు. జవాబు వచ్చే నెల ఇదే పేజీలో.